నూలుకి చవుడు, పట్టుకి కుంకుడు

మా కనిగిరి వైపు రజకుల ఇళ్ళలో ఉతుకు రెండు రకాలుగా ఉండేది. నూలు పంచెలు, దుప్పట్లు, పక్కబట్టలు అయితే చవుడు మన్ను కలిపిన నీళ్ళలో తడిపి, బానలో పెట్టి, కింద మంట వేసి ఆవిరి పట్టించేవారు. పట్టుచీర మూటలో కనబడిందంటే మాత్రం దాన్ని పక్కకి తీసేవారు. చవుడు దాని దరిదాపులకి కూడా రానిచ్చేవారు కాదు. కుంకుడుకాయలు నానబెట్టి, రసం పిసికి, అందులో చీరని మెల్లగా జాడించి, నీడలో ఆరేసేవారు. ఈ తేడా ఎందుకని అడిగితే వాళ్ళు చెప్పే జవాబు చిన్నది: చవుడు పెడితే పట్టు చచ్చిపోతుంది.

తరవాత నేను రసాయనశాస్త్రం చదివి, షాంపూలు, తలనూనెలు, క్రీములు తయారుచేసే పనిలో జీవితమంతా గడిపాను. హైదరాబాదు శివార్లలోని చిన్న యూనిట్లలో బ్యాచ్‌లు తీశాను. తలకి వాడే సరుకు తయారుచేయడం నేర్చుకుంటామని వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఆ పట్టుచీర సంగతే. చవుడు క్షారం. నూలు అంటే సెల్యులోజు, క్షారాన్ని తట్టుకుంటుంది. పట్టు, ఉన్ని, జుట్టు మాంసకృత్తులు. జుట్టులో ఉండేది కెరటిన్. క్షారం తగలగానే వెంట్రుక ఉబ్బుతుంది, పైన చేప పొలుసుల్లా పరుచుకుని ఉన్న పొర లేస్తుంది, ఒక వెంట్రుక ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. చిక్కు పడడమంటే అదే. కుంకుడు రసం, శీకాయ రసం రెండూ కాస్త ఆమ్ల గుణం ఉన్నవి కాబట్టి ఈ పొర లేవదు. నురగ మాత్రం వస్తుంది, జిడ్డు పోతుంది. ఆ పని చేసేవి కాయ గుజ్జులో ఉండే సపోనిన్లు. దక్షిణాదిలో మనం వాడే కుంకుడు మూడు కాయలు అతుక్కున్నట్టు ఉండే రకం. ఉత్తరాది రీఠా దానికి దాయాది.

కుంకుళ్ళతో తలంటు ఎలా జరిగేదో ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఎండిన కాయలని రుబ్బురోలు పక్కనో గడప మీదో పెట్టి రాయితో కొడితే నల్లటి గింజ టప్పున ఎగిరి పడేది. ఆ గింజలు పిల్లల ఆటకి పోయేవి. పెచ్చులు మాత్రమే వేడినీళ్ళలో నానాలి. గింజతో సహా నలగ్గొడితే రసంలో పనికిరాని పొట్టు చేరుతుంది. నానిన పెచ్చులని గిన్నెలో చేత్తో రుద్దుతూ ఉంటే తెల్లటి నురగ పొంగుకొస్తుంది. దాన్ని పాత పంచె గుడ్డలో వడగట్టాలి. కొందరు అందులో మందారాకు నలిపి జిగురు కలిపేవారు, కొందరు నానిన మెంతులు నూరి కలిపేవారు. శీకాయ పొడి అయితే గంజిలో కలిపేవారు. తలకి అంతకుముందే ఆముదమో నువ్వుల నూనో మాడు నిండా పట్టించి, ఒంటికి సున్నిపిండి నలుగు పెట్టి ఉంచేవారు. ఇక రసం పోసేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకోమనేది అమ్మమ్మ. ఎంత మూసుకున్నా రెండు చుక్కలు లోపలికి పోయేవి. మంటకి ఏడుస్తుంటే నోట్లో ఉప్పుకల్లు పెట్టేది. ఉప్పుకి కంటిమంటకి ఏ సంబంధమూ లేదు, పిల్లల ధ్యాస మళ్ళించడానికి మాత్రం బాగా పనికొచ్చేది.

ఇందులో ఏ పదార్థం ఏ పని చేసేదో ఒక్కసారి చూడండి. కుంకుడు జిడ్డు తీస్తుంది. మందారాకు, మెంతులు, గంజి వెంట్రుక మీద సన్నటి జిగురు పొర వేసి దువ్వెనకి లొంగేలా చేస్తాయి. శీకాయ పులుపు పొలుసులని అణిచి ఉంచుతుంది. ఈనాటి షాంపూ సీసాలో నురగ పదార్థం, కండిషనర్, సిట్రిక్ ఆమ్లం అని మేము విడివిడిగా తూచి వేసే మూడింటినీ పెరట్లోనే సమకూర్చుకున్నారు. ఆ మనుషుల చూపు మీద నాకు ఎంతో గౌరవం.

ఇంకో కారణం కూడా ఉంది. మా ప్రాంతం నీళ్ళు ఉప్పునీళ్ళు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నల్గొండ వాళ్ళకీ ఈ బాధ తెలుసు. అలాంటి కఠిన జలంలో సబ్బు విరిగిపోతుంది. నురగ రాకపోగా తెల్లటి మడ్డి తేలి, అది వెంట్రుకలకి అంటుకుని తల బంకబంకగా తయారవుతుంది. కుంకుడుకి ఈ ఇబ్బంది దాదాపు లేదు. ఒంటికి సబ్బు అలవాటైన తరవాత కూడా ఆడవాళ్ళు తలకి మాత్రం కుంకుడే వాడడం పాతకాలపు పట్టుదల కాదు, నీళ్ళు నేర్పిన పాఠం.

ఇదే పాఠాన్ని ఐరోపా వాళ్ళు వేరే దారిలో నేర్చుకున్నారు. హాన్స్ ష్వార్జ్‌కాఫ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు 1898లో బెర్లిన్‌లో మందులు, రంగులు, అత్తర్లు అమ్మే దుకాణం తెరిచాడు. 1903లో నీళ్ళలో కరిగే తలరుద్దు పొడిని కాగితం పొట్లాలలో అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా సబ్బుకడ్డీతో తల రుద్దుకునే వాళ్ళకి అది గొప్ప సుఖం. కానీ ఆ పొడిదీ సబ్బు గుణమే, క్షార గుణమే. ద్రవ షాంపూ 1927లో వచ్చింది. క్షారం లేని షాంపూని ఆ సంస్థ 1933లో విడుదల చేసింది. అంటే పొడి పొట్లం నుంచి క్షారం తీసేయడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఆ క్షారం లేని నురగ ఎక్కడినుంచి వచ్చిందన్నది నాకు ఈ చరిత్ర అంతటిలోకీ బాగా నచ్చిన ఘట్టం. అది తల కోసం పుట్టింది కాదు. జర్మనీలో కెమ్నిట్జ్ బట్టల మిల్లుల ఊరు. మిల్లుల్లో కఠిన జలంతో సబ్బు మడ్డి కట్టి రంగులు సరిగ్గా పట్టేవి కావు. అక్కడి బోమె సంస్థలో హైన్రిచ్ బెర్ట్ష్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు కొవ్వు ఆల్కహాళ్ళని సల్ఫేటుగా మార్చి కఠిన జలంలో కూడా విరగని పదార్థాన్ని తయారుచేశారు. 1932లో అది ఫేవా పేరుతో పట్టు, ఉన్ని లాంటి సున్నితమైన బట్టలు ఉతుక్కునే పొడిగా బజారుకి వచ్చింది. ఆ పరిజ్ఞానానికి అమెరికా కంపెనీ ప్రోక్టర్ అండ్ గాంబుల్ హక్కులు తీసుకుంది. 1933లో డ్రెఫ్ట్ అనే బట్టల పొడి, 1934లో డ్రీన్ అనే షాంపూ అమ్మింది. సబ్బు కాని నురగతో పెద్దయెత్తున అమ్ముడైన మొదటి షాంపూ అదే. పట్టుకి పనికొచ్చింది తలకి పనికొచ్చింది. మా రజకులు పట్టుచీరనీ తమ పిల్లల తలనీ ఒకే రసంతో కడిగినట్టే.

డ్రీన్‌కి ఒక లోపం ఉండేది. జిడ్డుని మరీ ఎక్కువగా లాగేసేది, తల పీచులా అయ్యేది. తరవాత దానికి కండిషనర్ కలపవలసి వచ్చింది. నురగ ఒక్కటీ పెంచితే సరిపోదని పరిశ్రమకి అప్పుడు తెలిసింది. మందారాకు చేసే పనికి వాళ్ళు జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

ఇక మా పని. ఈ రోజు చిన్న యూనిట్లలో వాడే నురగ పదార్థం ఎస్‌ఎల్‌ఈఎస్, అంటే సోడియం లారిల్ ఈథర్ సల్ఫేట్. కొబ్బరి, పామ్ గింజల నూనెల నుంచి వస్తుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే, మంచి నురగకి అది కావాలి. 70 శాతం పేస్టుగా డ్రమ్ముల్లో దిగుతుంది. చూడ్డానికి గట్టిపడిన తేనెలా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు పేస్టు ముందు వేసి పైన నీళ్ళు పోస్తారు. అప్పుడది మధ్యలో గడ్డలా బిగుసుకుపోతుంది, స్టిర్రర్ తిరగదు. నీళ్ళు ముందు పోసుకుని, పేస్టుని కొద్దికొద్దిగా వేస్తూ నిదానంగా తిప్పాలి. వేగంగా తిప్పితే ట్యాంకు నిండా నురగే. వంద కిలోల బ్యాచ్‌కి పేస్టు 14 కిలోలు, కళ్ళకి మంట తగ్గించే బీటైన్ ఓ 6 కిలోలు వేస్తే వాడుకకి సరిపడే మామూలు షాంపూ వస్తుంది. నీళ్ళు లవణాలు తీసేసిన డీఎం నీళ్ళే అయి ఉండాలి, బోరు నీళ్ళు కాదు.

చిక్కదనం రావడానికి వేసేది మామూలు ఉప్పు. ఇక్కడే చెయ్యి తిరగాలి. ఉప్పు కొద్దిగా వేస్తే షాంపూ చిక్కబడుతుంది, ఇంకాస్త వేస్తే ఇంకా చిక్కబడుతుంది, ఒక హద్దు దాటాక నీళ్ళలా పలచబడిపోతుంది. పలచబడింది కదా అని మళ్ళీ ఉప్పు వేసేవాళ్ళు బ్యాచ్‌ని పూర్తిగా పోగొట్టుకుంటారు. పరిమళం కలిపినప్పుడు కూడా చిక్కదనం మారుతుంది. అందువల్ల పరిమళం, రంగు, నిల్వ పదార్థం అన్నీ వేసి, సిట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ని 5.5 దగ్గర నిలబెట్టి, ఉప్పుని చిట్టచివర నీళ్ళలో కరిగించి, పావుకిలో పావుకిలోగా వేసుకుంటూ పోవాలి. పీహెచ్ చూడకుండా నిల్వ పదార్థం ఎంచుకోవడం ఇంకో తప్పు. సోడియం బెంజోయేట్ లాంటివి పీహెచ్ 5 కంటే తగ్గితేనే సరిగ్గా పనిచేస్తాయి.

మన పల్లెల్లోకి షాంపూ వచ్చింది సీసాలో కాదు, ప్యాకెట్‌లో. సీసా కొనగలిగినవాళ్ళు పట్నంలోనే ఉండేవారు. తమిళనాడు కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన కూలిపని చేసుకునేవాళ్ళు కూడా కొనుక్కునేలా రకరకాల సరుకుల్ని చిన్న ప్యాకెట్లలో అమ్మాలని పట్టుబట్టాడు. 1970ల చివర్లో షాంపూని కూడా ప్యాకెట్‌లో దించాడు. వెల్వెట్ షాంపూ ఆ కుటుంబానిదే. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో విడిగా చిక్ షాంపూ మొదలుపెట్టాడు. ఇప్పటి కెవిన్‌కేర్ అదే. వాళ్ళ మనుషులు దక్షిణాది పల్లెలకి వెళ్ళి బడిపిల్లల తలలకి షాంపూ రుద్ది చూపించి, పక్కనున్నవాళ్ళని ఆ తల తాకి చూడమనేవారు, వాసన చూడమనేవారు. ఖాళీ ప్యాకెట్లు తెచ్చిస్తే కొత్త ప్యాకెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. మల్లె, గులాబి వాసనలు కలిపారు. కుంకుడు వాసన ముక్కులో నాటుకుపోయిన ఆడపిల్లలకి ఆ మల్లెవాసన ఎంత కొత్తగా అనిపించి ఉంటుందో నేను ఊహించగలను. కూలికి పోయి చీకటి పడ్డాక ఇంటికొచ్చే మనిషికి కాయలు కొట్టి, నానబెట్టి, వడగట్టే తీరిక ఎక్కడిది? ఆ తీరికని యాభై పైసలకీ రూపాయికీ ఇచ్చిన వస్తువుని చిన్నచూపు చూడడం నాకు చేతకాదు. అయితే ఆ ప్యాకెట్లు పొరలు పొరలుగా అతికించిన ప్లాస్టిక్ కాబట్టి ఊరి కాలవల్లోనే పేరుకున్నాయి. ఆ లెక్క ఇంకా తీరలేదు.

ఆముదం తలకి షాంపూ నచ్చకపోవడం కూడా అప్పట్లో ఉండేది. నూనె నురగని చంపేస్తుంది. మొదటిసారి రుద్దినప్పుడు నురగ రాదు, సరుకు మంచిది కాదనుకుంటారు. రెండోసారి కొద్దిగా వేస్తే చాలు. ఈ మాట ప్యాకెట్ల మీద రాయవలసింది.

కుంకుడు మాత్రం పోలేదు. విశాఖలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇప్పటికీ ఏజెన్సీలో కుంకుళ్ళు, శీకాయ కొంటుంది. అడవిలో కాయ ఏరేవాళ్ళకి అదొక ఆదాయం. పట్నాల్లో కుంకుడు మీద మోజు మళ్ళీ పెరిగింది. ఇంట్లో చేసిన కుంకుడు షాంపూ అని సీసాల్లో పోసి అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళలో చాలామంది నా దగ్గరికి వస్తారు. నిల్వ పదార్థం వేయలేదు, రసాయనం ఏదీ లేదు అని గర్వంగా చెబుతారు. నాకు భయమేస్తుంది. కుంకుడు రసంలో చక్కెరలు కూడా ఉంటాయి. ఎండాకాలంలో రెండు రోజులకే పులుస్తుంది, సీసా ఉబ్బుతుంది. పులవక ముందే అందులో బాక్టీరియా పెరగవచ్చు, కంటికి కనబడదు, వాసన రాదు. తలలో పుండు ఉన్నవాళ్ళకీ, పసిపిల్లల కళ్ళకీ అది ప్రమాదం. కాయలోంచి వచ్చింది కాబట్టి హాని చేయదనుకోవడం కూడా పొరపాటే. ఈ సపోనిన్లతోనే చేపలకి మత్తెక్కించి పట్టే అలవాటు ఉంది. కంటిమంట సంగతి చెప్పనే చెప్పాను. అమ్మమ్మ రసాన్ని ఏనాడూ నిల్వ పెట్టలేదు. ఏ పూటది ఆ పూటే తీసి, మిగిలితే గిన్నెలూ వెండి సామానూ తోమేది.

అందుకే అమ్మదలిచినవాళ్ళని నేను కోరేది ఇది. కుంకుడు, శీకాయ మీద ప్రేమ ఉంటే బాగా ఎండబెట్టి, తేమ తగలకుండా, పొడిగా అమ్మండి. సీసాలో పోసి అమ్మాలనుకుంటే నిల్వ పదార్థం వేయండి, పీహెచ్ చూడండి, బాక్టీరియా పరీక్ష చేయించండి, బ్యాచ్ నంబరు, వాడవలసిన గడువు ముద్రించండి. సౌందర్య సాధనాలు తయారుచేసి అమ్మడానికి లైసెన్సు ఉండాలి, 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనలు చిన్న యూనిట్లకీ వర్తిస్తాయి. షాంపూ మీద 2017లో 28 శాతంతో మొదలైన జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది. పన్నులో మిగిలిన ఆ డబ్బులో కొంత పరీక్షలకి పెట్టండి. ఇంట్లోవాళ్ళ కోసమే అయితే మాత్రం ఇవేవీ అక్కర్లేదు. గుప్పెడు కాయలు కొట్టి, గింజలు తీసేసి, ఆ పూటకి సరిపడా రసం తీసుకుని, మిగిలింది పారబోయండి.