ఇంటర్‌ల్యూకిన్-2

ఇంటర్‌ల్యూకిన్-2 (ఐఎల్-2) తెల్ల రక్తకణాలు ఒకదానికొకటి కబురంపుకునే సైటోకైన్లలో ఒకటి; 133 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. రోగకారకాన్ని గుర్తించి ఉత్తేజితమైన టి-కణాలు దీన్ని స్రవిస్తాయి. దాని ప్రభావంతో టి-కణాలూ, నేచురల్ కిల్లర్ కణాలూ విభజన చెంది, దాడికి సిద్ధమవుతాయి. మానవ టి-కణాలను ప్రయోగశాలలో దీర్ఘకాలం పెంచగల పదార్థం ఒకటుందని 1976లో అమెరికాలో రాబర్ట్ గాలో బృందం వెల్లడించింది. 1983లో జపాన్ శాస్త్రవేత్త తడత్సుగు తనిగుచి బృందం దాని జన్యువును క్లోన్ చేసింది. ఆ తర్వాత బాక్టీరియా చేత దీన్ని కావలసినంత తయారు చేయించడం వీలైంది.

కణం మీద దీని గ్రాహకానికి ఆల్ఫా, బీటా, గామా అనే మూడు గొలుసులుంటాయి. కబురును లోపలికి చేర్చేవి బీటా, గామాలే. వాటికి అంటిపెట్టుకున్న జాక్-1, జాక్-3 ఎంజైములు స్టాట్-5 ప్రోటీన్‌ను చురుకు చేస్తే, అది కేంద్రకంలోకి వెళ్లి కణవిభజనకు కావలసిన జన్యువులను పని చేయిస్తుంది. ఆల్ఫా చేసేది పట్టు పెంచడం మాత్రమే. దీన్ని క్యాన్సర్‌కు మందుగా వాడాలంటే చిక్కంతా అక్కడే ఉంది. రోగనిరోధక చర్యను అణచే నియంత్రక టి-కణాల మీద ఆల్ఫా ఎప్పుడూ దండిగా ఉంటుంది. అందుకే కొద్దిపాటి మందు ముందు వాటికే అందుతుంది. కిల్లర్ కణాలను కదిలించాలంటే మోతాదు బాగా పెంచక తప్పదు.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో స్టీవెన్ రోజెన్‌బర్గ్ చేసిందదే. రోగి రక్తంలోని లింఫోసైట్లను ఐఎల్-2లో పెంచి, మళ్లీ ఐఎల్-2తో కలిపి ఎక్కించాడు. 1985లో ప్రకటించిన 25 మందిలో 11 మందికి కణితులు సగానికి పైగా తగ్గాయి. ఆ కణాలు చేర్చడం వల్ల పెద్దగా అదనపు లాభం లేదని తర్వాతి పోలికల్లో తేలింది. మందు మాత్రం నిలిచింది. ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కు 1992లో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు 1998లో అమెరికాలో అనుమతి లభించింది.

కిలో బరువుకు 6 లక్షల యూనిట్ల చొప్పున 8 గంటలకోసారి, ఒక విడతలో గరిష్ఠంగా 14 మోతాదులిస్తారు. సన్న రక్తనాళాల నుంచి ద్రవం కారి రక్తపోటు పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. కాబట్టి ఐసీయూ వసతి ఉన్నచోటే ఇది సాధ్యం. స్పందించేవారు సుమారు ఆరుగురిలో ఒకరే. అయితే కణితులు పూర్తిగా మాయమైన కొద్దిమందిలో చాలామందికి ఏళ్ల తరబడి వ్యాధి తిరగబెట్టలేదు. మరో మందు దొరకని రోజుల్లో ఇది చిన్న ఫలితం కాదు.

ఆల్ఫాను తప్పించేలా మార్చిన రూపం బెంపెగాల్డెస్‌ల్యూకిన్ ఎన్నో ఆశలు రేపి, 2022లో తుది దశ ప్రయోగాల్లో విఫలమైంది. పాత ఐఎల్-2 వాడుక మాత్రం ఆగలేదు: కణితి నుంచే తీసిన టి-కణాలతో చేసే లిఫిల్యూసెల్ చికిత్సకు 2024లో మెలనోమా రోగుల కోసం అనుమతి వచ్చింది, కణాలు ఎక్కించాక ఐఎల్-2 మోతాదులు ఆరు దాకా ఇస్తారు.