జపాను గృహాలలో ఋతువస్త్రాలు

బట్టలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదన్న మాట వినబడని ఇల్లు లేదు. ఒక బీరువా నిండితే మరొక బీరువా వస్తుంది. అదీ నిండితే మూటలు అటక ఎక్కుతాయి. చలికాలపు రగ్గులూ శాలువలూ వేసవిలో ఎక్కడ దాచాలన్నది గృహిణులకు ఏటేటా ఎదురయ్యే చిక్కే. ఈ చిక్కును వెయ్యేండ్లకు పైగా ఒక జాతి మొత్తం పంచాంగంలో చేర్చుకొని ఏ విధంగా తీర్చుకొన్నదో మనవి చేయడం మా ఉద్దేశం. ఆ జాతి జపానీయులు. ఋతువును అనుసరించి వస్త్రాలను మార్చుకొనే ఆచారానికి వారి భాషలో 'కొరొమొగయె' అని పేరు. 'కొరొమొ' అంటే వస్త్రం. 'గయె' అంటే మార్పు.

ఈ ఆచారం చీనా దేశపు సంప్రదాయాన్ని అనుసరించి రాజప్రాసాదంలో నెలకొన్నది. క్రీ.శ. 794 నుండి 1185 వరకు సాగిన హేయాన్ యుగంలో, చాంద్రమానం ప్రకారం నాల్గవ నెల మొదటి తేదీన వేసవి దుస్తులూ, పదవ నెల మొదటి తేదీన శీతకాలపు దుస్తులూ ధరించాలన్నది ఆస్థాన నియమం. ఆ దినాలలో ఉడుపులే కాక గదులలోని తెరలు కూడా మారేవి. మొదట ఈ ఆచారానికి 'కోయి' అని పేరుండేది. చక్రవర్తి వస్త్రధారణకు సహాయపడే పరిచారికలకు ఆ పేరే బిరుదై, క్రమంగా రాణివాసంలో ఒక హోదాగా స్థిరపడినది. పదకొండవ శతాబ్ది ఆరంభంలో మురసకి షికిబు రచించిన 'గెంజి మొనొగతరి'లో కథానాయకుని తల్లి ఆ హోదాలోనిదే. బిరుదుకూ ఆచారానికీ పేరు ఒకటే కావడం వల్ల, ఆచారాన్ని వేరుగా 'కొరొమొగయె' అనడం అలవాటైనది.

1603 నుండి 1868 వరకు పాలించిన తొకుగావా ప్రభువుల కాలంలో నియమం మరింత బిగిసినది. సమురాయి వీరులు ఏటా నాలుగు మారులు దుస్తులు మార్చవలసి ఉండేది. నాల్గవ నెల మొదటి తేదీ నుండి అస్తరు వేసిన దుస్తులు. ఐదవ నెల ఐదవ తేదీ నుండి ఒంటిపొర నారబట్టలు. తొమ్మిదవ నెల మొదటి తేదీన తిరిగి అస్తరు బట్టలు. అదే నెల తొమ్మిదవ తేదీ నుండి దూది కూర్చిన దుస్తులు. ఆనాడు ఉక్కపోసినా, చలి వణికించినా తేదీదే అధికారం.

ప్రభువుల ఇండ్లలో పెట్టెలకు కొదువ లేదు. అయితే సామాన్యుని మాట ఏమిటి? ఎడో నగరంలో, అంటే నేటి టోకియోలో, పేదలు 'నగయా' అనే వరుస ఇండ్లలో కాపురం ఉండేవారు. ఆ ఇంటి కొలత అందరికీ తెలిసినదే: 9 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు. అందులోనే వాకిలి, అందులోనే పొయ్యి. మిగిలిన చోటులో సంసారమంతా పడుకొనేది. బట్టలకు ప్రత్యేకంగా అర ఉండేది కాదు. పగటిపూట పక్కబట్టలు మడిచి మూలకు చేర్చి, ముందు చిన్న మడత తెర నిలబెట్టేవారు. ఇటువంటి ఇంట నాలుగు కాలాల దుస్తులు ఎట్లా ఇమిడినవి?

ఇమడలేదు. వారికి ఉన్నది తరచు ఒకే వస్త్రం. చలికాలంలో దానిలో దూది కూర్చేవారు. వసంతంలో కుట్లు విప్పి దూది తీసివేస్తే అది అస్తరు బట్ట అయ్యేది. వేసవిలో అస్తరు కూడా తీసివేస్తే ఒంటిపొర బట్ట అయ్యేది. శరత్తు రాగానే మరల అస్తరు, తరువాత మరల దూది. జపానులో 'నాల్గవ నెల మొదటి తేదీ' అని అర్థమిచ్చే అక్షరాలతో వ్రాసే ఇంటిపేరు ఒకటి నేటికీ ఉన్నది. దానిని చదివేటప్పుడు మాత్రం 'వతనుకి' అంటారు. అంటే 'దూది తీయడం'. ఒక ఇంటిపని పంచాంగంలో ఎంత లోతుగా నాటుకొన్నదో ఈ పేరు చెబుతున్నది.

ఇందుకు వీలు కల్పించినది కిమోనో కత్తిరింపు. సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు గల గుడ్డను నిలువు గీతలలోనే ఎనిమిది ముక్కలుగా కోస్తారు. వంపు కోతలు లేవు కాబట్టి గుడ్డ వృథా కాదు. కుట్లు విప్పి ముక్కలను చేర్చి కుడితే మరల తానుగుడ్డ అవుతుంది. దానిని ఉతికి, గంజి పెట్టి, పలకల మీద పరచి ఆరవేసి, మరల వస్త్రంగా కుట్టేవారు. మాసి వెలిసిన భాగం లోపలికి పోయి, కొత్తగా ఉన్న భాగం పైకి వచ్చేది. చివరికి అది పిల్లల బట్టగా, పరుపు గుడ్డగా, తుడుపు గుడ్డగా మారేది. ఇంత పనీ స్త్రీలదే. శాసనం వ్రాసినవారు నాలుగు తేదీలు వ్రాసి ఊరకొన్నారు. ఆ తేదీ నాటికి కుట్లు విప్పి, ఉతికి, తిరిగి కుట్టి ఇచ్చినది ఇల్లాలు. చరిత్రగ్రంథాలలో ఆ తేదీలు కనిపిస్తాయి కాని ఆమె శ్రమ కనిపించదు.

రెండు జతలకు నోచుకొన్నవారికి తాకట్టు కొట్టే బీరువా. చలికాలపు బట్టలను వేసవిలో కుదువపెట్టి దోమతెర విడిపించుకొనేవారు. చలి రాగానే దోమతెరను పెట్టి బట్టలు తెచ్చుకొనేవారు. పాతబట్టల అంగళ్ళు కూడా ఎడోలో విరివిగా ఉండేవి.

కాస్త కలిగినవారి ఇండ్లలోకి సొరుగుల పెట్టె వచ్చినది పదిహేడవ శతాబ్దిలోనే. దానిని 'తన్‌సు' అంటారు. కిమోనో మడిస్తే పలుచని దీర్ఘచతురస్రం అవుతుంది కాబట్టి లోతులేని సొరుగులు చాలును. పెట్టెకు 'కిరి' అనే చెట్టు కలప శ్రేష్ఠం. అది తేలిక, గాలిలో తేమ పెరిగితే ఉబ్బి సొరుగు బిగుసుకొంటుంది. దానికి పూర్వం చక్రాలు గల పెద్ద పెట్టెలు వాడుకలో ఉండేవి. 1657లో ఎడో నగరాన్ని దహించిన మహాగ్నిప్రమాదంలో జనం ఆ పెట్టెలను వీధులలోకి దొర్లించగా దారులు మూసుకుపోయినవి; తరువాత ప్రభుత్వం వాటిని నిషేధించినది. సామాను మీది మమకారం ప్రాణాల మీదికి తెచ్చిన ఉదాహరణ ఇది.

దాచిన బట్టలకు చిమ్మట పట్టకుండా, వానలు వెనుకబడిన తరువాత వాటిని తీసి నీడలో గాలికి ఆరవేయడం 'ముషిబొషి'. ఆ విధంగా కాపాడిన సొరుగులలో మన దేశపు గుడ్డలు కూడా ఉండేవి. పదిహేడవ శతాబ్దిలో మచిలీపట్నంలో వర్తకస్థావరం నెలకొల్పిన ఓలందులు, కోరమాండలు తీరపు అద్దకపు బట్టలను జపానుకు చేరవేసేవారు. జపానీయులు వాటిని 'సరసా' అని పిలిచి, చిన్న ముక్కను కూడా పారవేయక తేనీటి పాత్రలకు సంచులుగా కుట్టుకొన్నారు.

1873లో జపాను సౌరమానాన్ని స్వీకరించినది. సైనికులకు, పోలీసులకు, ఉద్యోగులకు పాశ్చాత్య దుస్తులు వచ్చినవి. జూన్ 1న వేసవి దుస్తులు, అక్టోబరు 1న శీతకాలపు దుస్తులు అన్న నియమం ఏర్పడినది. బడిపిల్లలకూ అదే పాకినది. 2005లో ప్రభుత్వమే వేసవిలో కోటు, టై విడిచి విద్యుత్తు పొదుపు చేయవలసినదని ఉద్యోగులను ప్రోత్సహించినది. ఎండలు ముదరడం వల్ల ఇటీవల పలు పాఠశాలలు తేదీ విషయంలో సడలింపు ఇస్తున్నవి. తేదీదే అధికారమన్న రోజులు పోయి, వాతావరణానికి తగినట్లు నడుచుకోవడమే ఉచితమన్న భావం బలపడుతున్నది.

కోటును విప్పి తాను చేయలేము. చొక్కా అస్తరు తీసి మరొక ఋతువుకు వాడుకోలేము. ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క బట్ట కావలసి వచ్చినప్పుడే చోటు చాలకపోవడం మొదలైనది. అయినంత మాత్రాన ఆ పాత కుట్టుపని తిరిగి రావాలని మేము కోరము. దాని భారం మోసినవారెవరో పైన చెప్పియే ఉన్నాము. ఆ చరిత్ర నుండి మనం గ్రహించదగినది రెండు విషయాలు. ఋతువు మారిన దినాన పెట్టె అడుగువరకు తీసి గాలి పట్టించడం ఒకటి. ఆ తీసినవాటిలో ఈ ఏడాది ఎవరి ఒంటికీ ఎక్కనిది ఏదో గుర్తించి, అది ఒంటికెక్కేవారికి ఇవ్వడం రెండవది. ఈ పని ఇంట ఒక్కరిదే కాకుండా అందరూ కలిసి చేసుకొంటే, ఒక్క పూటలో తెమిలిపోతుంది.