తాబేళ్ళ బడి

పైథాన్ వచ్చు, డేటా తిప్పడం వచ్చు, ఇంక క్వాంట్ ట్రేడింగ్ ఓ వీకెండ్ కోర్సు దూరంలో ఉందని మన ఐటీ జనాలకి గట్టి నమ్మకం. తప్పేం లేదు లెండి. కానీ ఫీజు కట్టేముందు, ఈ చదువు నిజంగా ఫలించిన ఒక బడి కథ తెలుసుకుంటే మంచిదని నా అభిప్రాయం.

1983లో షికాగోలో రిచర్డ్ డెన్నిస్ అనే ఫ్యూచర్స్ ట్రేడరుకీ, ఆయన స్నేహితుడు విలియం ఎకార్ట్‌కీ వాదన పడింది. ట్రేడింగ్ నేర్పితే వస్తుందని డెన్నిస్, నేర్పితే వచ్చేది కాదని ఎకార్ట్. తేల్చుకుందామని పేపర్లలో ప్రకటన వేసి, రెండు బ్యాచ్‌లుగా ఇరవైమందికి పైగా తీసుకున్నారు. సింగపూర్‌లో తాబేళ్ళ పెంపకం చూసొచ్చిన డెన్నిస్ వీళ్ళకి 'టర్టిల్స్' అని పేరు పెట్టాడు. మొదటి బ్యాచ్‌కి పాఠాలు ఎన్నాళ్ళనుకున్నారు? రెండే వారాలు!

చెప్పింది కూడా బ్రహ్మవిద్యేం కాదు. ధర గత 20 రోజుల గరిష్ఠం దాటితే కొను, 10 రోజుల కనిష్ఠం కిందకి జారితే అమ్మెయ్. పొద్దున మొదలెడితే ఫ్రెషర్ కూడా సాయంత్రం టీ టైముకి కోడ్ రాసెయ్యగలడు. అసలు కిటుకు 'ఎప్పుడు' కొనాలన్న దాంట్లో లేదు, 'ఎంత' కొనాలన్న దాంట్లో ఉంది. ధర రోజుకి సగటున ఎంత ఊగుతుందో చూసి, ఆ ఒక్క ఊపుకి ఖాతాలో 1 శాతం మించి కదలకుండా కొనాలి. ఖాతాలో 10 లక్షలుండి, షేరు రోజుకి 20 రూపాయలు ఊగుతుంటే 500 షేర్లు. అంతే. ఎక్కువసార్లు చిన్న చిన్న నష్టాలే వస్తాయి, ఎప్పుడో ఒక పెద్ద కదలిక వాటన్నిటినీ పూడుస్తుంది. అప్పటిదాకా బతికుండాలి కదా!

పైగా అక్కడ ఫీజు లేదు. డెన్నిసే పెట్టుబడి ఇచ్చి, లాభంలో వాటా కూడా ఇచ్చాడు. వరసగా నష్టాలొచ్చినా రూలు తప్పకుండా ఉండటం వాళ్ళు ఆయన డబ్బుతో నేర్చుకున్నారు. ఆ రూల్స్ 2007లో పుస్తకాలుగా కూడా వచ్చేశాయి. అంత నేర్పిన డెన్నిస్ 1988లో భారీ నష్టాలతో తప్పుకున్నాడన్నది కూడా ఈ కథలో భాగమే.

ఈ 'ఎంత' గొడవ ఇంకా పాతది. ఎడ్వర్డ్ థోర్ప్ అనే లెక్కల మాస్టారు ఎంఐటీలో ఉండగా ఫోర్‌ట్రాన్ నేర్చుకుని, ఐబీఎం 704 మీద పేకాట లెక్కలు తేల్చాడు. పందెం ఎంత కాయాలో 1956లో బెల్ ల్యాబ్స్ కెల్లీ రాసిన సూత్రం చెప్పింది. 1962లో థోర్ప్ అదంతా పుస్తకం వేసేశాడు, తర్వాత మార్కెట్లోకి వెళ్ళి ఫండ్ నడిపాడు.

ఇక మన సంగతి. 2024 సెప్టెంబరులో సెబీ చెప్పిన లెక్క: 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే. మొత్తం 1.8 లక్షల కోట్ల పైమాటే.

అందుకే ఎవరైనా సలహా అడిగితే, సిలబస్‌లో 'ఎంత' మీద ఎన్ని గంటలున్నాయో కనుక్కోమంటాను. ఒక కుర్రాడు నిజంగానే అడిగాడు. అది అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చెప్తారట, ఫీజు వేరేనట.