నాగార్జునకొండకు దారులు

నాగార్జునకొండ ఇప్పుడు కృష్ణానదిపై ఉన్న నాగార్జునసాగర్ జలాశయం నడుమ ఉన్న దీవి. 1960ల దాకా అది పల్నాడులో ఒక లోయ మధ్యన నిలిచిన కొండ. ఆ లోయకు మూడు వైపులా నల్లమల గుట్టలు, నాలుగో వైపు కృష్ణానది.

క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో ఈ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. చుట్టూ కొండలున్నా ఊరికి రాకపోకలు తక్కువేమీ కాదు. ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిన సంగతి చెబుతుంది. ఆ ఆచార్యులు ధర్మం బోధించిన దేశాల్లో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి ఉన్నాయి. అదే శాసనం పేర్కొన్న కంటకసేల, నేటి కృష్ణా జిల్లాలోని ఘంటసాల, ఆనాటి రేవుపట్నం. తవ్వకాల్లో నది ఒడ్డున రాతి మెట్ల స్నానఘట్టం కూడా బయటపడింది.

ఇక్ష్వాకుల తర్వాత బౌద్ధం సన్నగిల్లింది, విహారాలు మట్టిలో కలిశాయి. మధ్యయుగంలో కొండ మీద కోట కట్టినా, లోయ క్రమంగా పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న పల్లెల సీమగా మిగిలింది. 1926లో స్థానిక ఉపాధ్యాయుడు సూరపరాజు వెంకటరామయ్య ఇచ్చిన సమాచారంతో శాసన పరిశోధకుడు రంగస్వామి సరస్వతి శిథిలాలను గుర్తించారు. మరుసటి ఏడు పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. గుంటూరు నుంచి మాచర్లకు మీటర్ గేజి రైలు పడ్డాక ప్రయాణం కొంత తేలికైంది. అయినా రైలు దిగాక పాతిక కిలోమీటర్ల దాకా కొండదారి ఉండేది. ఇన్ని శతాబ్దాలు శిల్పాలు నేలలో భద్రంగా ఉండటానికి ఈ దారి కష్టం కూడా ఒక కారణమే కావచ్చు.

1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. అప్పటికే, 1954లో, పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలయ్యాయి. నీళ్లు రాకముందే లోయనంతా పరిశీలించాలన్నది లక్ష్యం. 1960 వరకు ఆ పని సాగింది. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని ఎత్తిపెట్టి కొండ మీద తిరిగి కట్టారు, మరికొన్నింటికి నమూనాలు చేశారు. లోయలోని పల్లెలు ఖాళీ అయ్యాయి. కట్టడాలకు కొండ మీద చోటు దొరికింది, ఊరివాళ్లు మాత్రం వేరే చోట్లు వెతుక్కోవలసి వచ్చింది. కొండ మీది మ్యూజియం 1966లో తెరుచుకుంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పాత బండిబాటలు జలాశయం అడుగున ఉండిపోయాయి.

అప్పటి నుంచి కొండకు దారి లాంచీ ఒక్కటే. ఆంధ్రప్రదేశ్ వైపు విజయపురి సౌత్ నుంచి లాంచీలు బయల్దేరతాయి. పదకొండు కిలోమీటర్ల నీటి ప్రయాణానికి సుమారు గంట పడుతుంది. తెలంగాణ వైపు నుంచీ లాంచీలు నడుస్తాయి, కానీ దీవి ఉన్నది పల్నాడు జిల్లాలో. హైదరాబాదు నుంచి సాగర్ దాకా దాదాపు 150 కిలోమీటర్లు, బస్సులున్నాయి. రైలులో వచ్చేవారికి ఇప్పటికీ దగ్గరి స్టేషన్ మాచర్లే. గాలి ఎక్కువైనా, నీటిమట్టం బాగా తగ్గినా లాంచీలు ఆపేస్తారు. అందుకే ఉదయమే రేవుకు చేరడం మేలు. మధ్యాహ్నం వెళితే మ్యూజియం చూసేలోగానే తిరుగు లాంచీ వేళవుతుంది. లాంచీ దొరకనివారు రోడ్డు మార్గాన అనుపు వెళ్లవచ్చు. లోయ నుంచి తరలించి తిరిగి నిర్మించిన రంగస్థలం, కొన్ని విహారాలు అక్కడ ఉన్నాయి.