దిగమంటే దిగని మెకానిక్కులు

జర్మన్ సబ్‌మెరైన్ యూ-505 గురించి రాసివ్వమని డెస్కు నుంచి కబురొచ్చింది. సబ్‌మెరైన్ల కథంటే 1620లలో డ్రెబెల్ అనే ఆయన థేమ్స్ నదిలో తెడ్లతో నడిపిన పడవ దగ్గర మొదలెట్టాలి. తర్వాత 1776లో బుష్నెల్ 'టర్టిల్', 1864లో శత్రు ఓడను ముంచి తానూ మునిగిన 'హన్లీ'. ఆ రోజుల్లో నీటి అడుగున దెబ్బ తగిలితే మరమ్మతన్న మాటే లేదు. నేను చెప్పబోయేది మరమ్మతుల కథ, అందుకే ఇన్నేళ్లనూ ఇంత తేలిగ్గా దాటేస్తున్నాను.

1942 నవంబర్ 10. ట్రినిడాడ్ దాపుల్లో జర్మన్ సబ్‌మెరైన్ యూ-505 నీటిపైన వెళ్తోంది. బ్రిటిష్ హడ్సన్ విమానం ఒకటి మరీ కిందికి దిగి బాంబులు జారవిడిచింది. అందులో ఒకటి సరాసరి డెక్కు మీదే పేలింది. ఆ పేలుడుకు విమానమూ ముక్కలైంది, అందులోవాళ్లెవరూ మిగల్లేదు. సబ్‌మెరైన్ మీది ఫిరంగి ఊడి సముద్రం పాలైంది, లోపలికి నీళ్లు తన్నుకొచ్చాయి. కెప్టెన్ చెఖ్ అందరినీ దిగిపొమ్మన్నాడు. ఇంజన్ల పెద్దమేస్త్రి ఒటో ఫ్రికే ఒప్పుకోలేదు. కావాలంటే మీరు దిగండి, ఇంజన్ల వాళ్లం మాత్రం ఉంటామన్నాడట! హిట్లర్ నౌకాదళంలో ఆ మాటకు ఎంత గుండె కావాలో ఊహించుకోండి.

దాదాపు రెండు వారాలు నీళ్లు తోడుతూ, చిల్లులు పూడుస్తూ, అతుకుల మీద అతుకులు వేశారు. మునగడం చేతకాని సబ్‌మెరైన్ నడిసముద్రంలో ఎలా ఉంటుంది? చెరువు గట్టెక్కిన చేపలాగే. అలాగే అట్లాంటిక్ దాటి డిసెంబర్ 12న ఫ్రాన్స్‌లోని లోరియాం రేవు చేరింది. అంత దెబ్బ తిని ఇల్లు చేరిన జర్మన్ సబ్‌మెరైన్ మరొకటి లేదంటారు.

రేవులో మరమ్మతులకు నెలలు పట్టాయి. అక్కడి ఫ్రెంచి పనివాళ్లు మాత్రం చూడ్డానికి బాగుచేస్తూ, చాటున పాడుచేసేవారు. ఒకసారి ఇంధన ట్యాంకుకు పెన్సిలంత సన్నటి బెజ్జం పెట్టారు. పడవ ఎటు వెళ్తే అటు వెనకాల నూనె చార!

1944 జూన్ 4న ఆఫ్రికా పడమటి తీరాన అమెరికన్లు దాన్ని పైకి తేల్చారు. జర్మన్లు సముద్రపు నీటి గొట్టం మూత తీసేసి, పడవ మునుగుతుందన్న ధీమాతో నీళ్లలోకి దూకారు. పడవెక్కిన అమెరికన్ దళంలో జెనన్ లుకోసియస్ అనే నావికుడు ఆ మూతను వెతికి పట్టుకుని బిగించాడు. ఫ్రికే మేస్త్రి నిలబెట్టిన పడవను ఈసారి శత్రువు నిలబెట్టాడు.

శత్రువు కొట్టడం, మెకానిక్కులు బాగుచేయడం అన్న ఈ వరస ఆ తర్వాతి కాలానికి కుదరదు. 1961లో సోవియట్ సబ్‌మెరైన్ కె-19లో అణు రియాక్టర్ చల్లబరిచే గొట్టాలు దెబ్బతింటే, సిబ్బంది లోపలికెళ్లి వెల్డింగ్ చేశారు. రేడియేషన్ తగిలి ఎనిమిది మంది వారాల్లోనే పోయారు. అక్కడ శత్రువెవరూ లేడు, బాంబూ లేదు.

మళ్లీ యూ-505 దగ్గరికొస్తే, అదిప్పుడు షికాగో మ్యూజియంలో ఉంది. 1954లో అక్కడికి చేరేసరికి లోపలి సామాన్లు చాలావరకు ఊడదీసేసి ఉన్నాయి. విడిభాగాల కోసం మ్యూజియం వాళ్లు వాటిని మొదట తయారుచేసిన జర్మన్ కంపెనీలకే ఉత్తరాలు రాశారు. పైసా అడక్కుండా అవి పంపేశాయి, ఎలాగూ పదిమంది చూస్తారు గదా, మా పనితనానికి మాట రాకూడదని.