లింక్డ్‌ఇన్ టపా

లింక్డ్‌ఇన్ అనే వృత్తి సంబంధాల వెబ్‌సైటులో సభ్యులు తమ పని, అనుభవం, ఉద్యోగాన్వేషణ వంటి విషయాలపై వ్రాసే చిన్న రచనను '''లింక్డ్‌ఇన్ టపా''' అంటారు. వ్రాసినవారి పేరు, ఫొటో, వృత్తి పరిచయం టపా పైభాగంలోనే కనిపిస్తాయి. అందువలన ఇందులోని ప్రతి మాటా వ్రాసినవారి ఉద్యోగ జీవితంతో ముడిపడి ఉంటుంది. ఎక్కువ మంది చదివేలా వ్రాయటం, చదివినవారు నమ్మేలా వ్రాయటం - ఈ రెండింటినీ కలిపి సాధించటమే ఈ రచనలోని ప్రధానమైన కష్టం.

== చరిత్ర ==

లింక్డ్‌ఇన్ సంస్థను రీడ్ హాఫ్‌మన్, మరి కొందరు కలిసి 2002 డిసెంబరులో స్థాపించారు. వెబ్‌సైటు 2003 మే 5న ప్రారంభమైంది. తొలి సంవత్సరాలలో ఇది ముఖ్యంగా సభ్యుల విద్య, ఉద్యోగ వివరాలను భద్రపరచే చోటుగా ఉండేది. 2012 అక్టోబరులో ఎంపిక చేసిన కొందరు ప్రముఖులకు వ్యాసాలు ప్రచురించే వీలు కల్పించారు. 2014 ఫిబ్రవరి నుండి ఈ సౌకర్యాన్ని సాధారణ సభ్యులకు కూడా విస్తరించారు. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ 2,620 కోట్ల డాలర్లకు లింక్డ్‌ఇన్‌ను కొనుగోలు చేసింది.

టపా నిడివి పరిమితి ఒకప్పుడు 1,300 అక్షరాలు. 2021లో దానిని 3,000కు పెంచారు. 2021 డిసెంబరులో వెబ్‌సైటు హిందీలో లభ్యమైంది. తరువాతి కాలంలో తెలుగు కూడా చేరింది. 2023లో మొత్తం సభ్యుల సంఖ్య 100 కోట్లకు, భారతదేశంలోని సభ్యుల సంఖ్య 10 కోట్లకు చేరాయి.

== పాఠకులను చేరే విధానం ==

టపాను వ్రాసినవారి పరిచయస్తులందరికీ ఒకేసారి చూపరు. ఏ సభ్యునికి ఏ టపా ముందుగా కనిపించాలో ఒక కంప్యూటరు ప్రోగ్రాము నిర్ణయిస్తుంది. చూసినవారు వ్యాఖ్య వ్రాసినా, ఇతరులతో పంచుకున్నా అది మరింత మందికి చేరుతుంది. 2019 ఏప్రిల్‌లో "ఇష్టం"తో పాటు అభినందన, ప్రేమ, ఆలోచనాత్మకం మొదలైన స్పందనలను కూడా ప్రవేశపెట్టారు. పాఠకుడు టపా వద్ద ఎంతసేపు ఆగాడన్నది కూడా లెక్కలోకి తీసుకుంటున్నట్లు 2020లో సంస్థ ఇంజనీర్లు వెల్లడించారు. తమ రంగంలోని జ్ఞానాన్ని, సలహాను పంచే టపాలకు ప్రాధాన్యమిస్తున్నట్లు 2023లో సంస్థ తెలిపింది.

== రచనా విధానం ==

* '''మొదటి వాక్యాలు''': తెరపై మొదటి రెండు మూడు పంక్తులు మాత్రమే కనిపిస్తాయి. మిగిలినది చదవాలంటే నొక్కి తెరవాలి. "ఈ విషయం మీతో పంచుకోవటానికి ఎంతో సంతోషిస్తున్నాను" అని మొదలుపెడితే ఆ విలువైన స్థలం వృథా అవుతుంది. "మా గోదాములో ఆరు నెలలుగా సరుకు లెక్క తప్పుతోంది, కారణం ఎక్సెల్ పట్టికలోని ఒక్క గడి" అన్న ప్రారంభం విషయాన్ని వెంటనే చెబుతుంది, తరువాత ఏమైందో తెలుసుకోవాలనిపిస్తుంది.
* '''ఒకే విషయం''': ఒక టపాలో ఒక అనుభవం, దాని నుండి తెలిసిన ఒక సంగతి సరిపోతాయి.
* '''వివరం''': "చాలా నేర్చుకున్నాను" అనటం కంటే ఏమి నేర్చుకున్నారో, ఎక్కడ పొరబడ్డారో, ఎలా సరిదిద్దారో చెప్పటం ఉపయోగకరం. ఇటువంటి వివరం ఆ పని చేసినవారికే తెలుస్తుంది కనుక నమ్మకం కలిగిస్తుంది.
* '''ముగింపు''': అదే పని చేసేవారు సమాధానం చెప్పగల ప్రశ్న చర్చకు దారి తీస్తుంది. "మీరేమంటారు?" అన్న మాటకు పొడి సమాధానాలే వస్తాయి.
* '''వ్యాఖ్యలకు జవాబు''': వచ్చిన వ్యాఖ్యలకు బదులు వ్రాయటం కూడా రచనలో భాగమే. చాలా పరిచయాలు అక్కడే మొదలవుతాయి.

== ఉద్యోగాన్వేషణ టపాలు ==

ఈ టపాల ప్రాముఖ్యం ఉద్యోగాలు పోయిన కాలంలో స్పష్టంగా కనిపించింది. 2022 చివరి నుండి 2023 వరకు అమెరికాలోని పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలు వేల సంఖ్యలో ఉద్యోగులను తొలగించాయి. హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగం పోయిన తరువాత గరిష్ఠంగా 60 రోజుల గడువు మాత్రమే ఉంటుంది. ఆ లోపున వేరే సంస్థలో చేరటమో, వీసా స్థితిని మార్చుకోవటమో, దేశం విడిచి వెళ్ళటమో చేయాలి. ఈ వీసాదారులలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. అప్పట్లో చాలామంది తమ గడువును తెలుపుతూ లింక్డ్‌ఇన్‌లో టపాలు వ్రాశారు.

ఇటువంటి టపాలో జాలి కలిగించే మాటల కంటే సమాచారం ముఖ్యం. చేసిన పని, అనుభవం ఎన్ని సంవత్సరాలు, కోరుకునే ఉద్యోగం, ఉండదలచిన నగరం, గడువు తేదీ స్పష్టంగా ఉంటే చదివినవారు దానిని తమ సంస్థలో తగిన వ్యక్తికి పంపగలరు. "ఏ ఉద్యోగమైనా సరే" అని వ్రాస్తే సహాయం చేయదలచినవారికి కూడా ఎవరికి పంపాలో తెలియదు. కొత్తగా చదువు ముగించిన విద్యార్థులకు కూడా ఇదే వర్తిస్తుంది. వారికి ఉద్యోగానుభవం లేకపోయినా, తాము స్వయంగా చేసిన ప్రాజెక్టులో ఎదురైన సమస్యను వివరించవచ్చు.

== విమర్శలు ==

ప్రతి వాక్యాన్నీ విడి పంక్తిగా వ్రాసి, చిన్న సంఘటనను గొప్ప జీవిత పాఠంగా మలచే పద్ధతి పరిహాసానికి గురైంది. కొందరు ముందుగా ఒప్పందం చేసుకొని ఒకరి టపాలను మరొకరు మెచ్చుకుంటారు. "అవునంటే ఇష్టం నొక్కండి" అని అడిగే టపాల వ్యాప్తిని తగ్గిస్తామని 2022లో సంస్థ ప్రకటించింది. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికాలోని ఒక చిన్న సంస్థ అధిపతి, ఉద్యోగులను తొలగించిన సందర్భంలో తాను ఏడుస్తున్న ఫొటోను ప్రచురించారు. ఆ టపా ప్రపంచమంతటా వ్యాపించింది, కానీ ఉద్యోగం పోయినవారి బాధ కంటే తన బాధనే ముందుకు తెచ్చారని పలువురు ఆక్షేపించారు. ఎక్కువ మందికి చేరటం, గౌరవం పొందటం ఒకటి కాదనటానికి దీనిని ఉదాహరణగా చెప్పవచ్చు.

== జాగ్రత్తలు ==

సంస్థ రహస్యాలు, ఖాతాదారుల వివరాలు, సహోద్యోగుల సంభాషణలు అనుమతి లేకుండా వ్రాస్తే ఉద్యోగానికే ముప్పు రావచ్చు. ఇతరులతో కలిసి చేసిన పనిని తన ఒక్కరిదిగా చెప్పుకుంటే, అది తెలిసినవారు అదే వెబ్‌సైటులో ఉంటారు. ఉద్యోగం కోసం వ్రాసిన టపాలో ఫోను నంబరు, పాస్‌పోర్టు వివరాలు ఇవ్వకపోవటం మంచిది. టపా చూసి ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందుగా రుసుము అడిగేవారిని నమ్మరాదు.