రంగు బానలోని జీవులు

మచిలీబందరు ప్రాంతపు అద్దకపు పనివారు నల్లరంగు కావలసినప్పుడు తుప్పుపట్టిన యినుప ముక్కలను బెల్లముతో గూడ నీటికుండలో వేసి, మూతగట్టి, అది పులిసి పక్వమునకు వచ్చువరకు దినములకొలది కదలింపక యుంచుట వాడుక. పులిసిన బెల్లపు నీరు ఇనుమును కొంచెము కొంచెముగా కరగించుకొనును. ముందే కరక్కాయ రసములోను పాలలోను తడిపి యారవేసిన గుడ్డపై ఆ నీటిని అచ్చుతోనో కలముతోనో అద్దినంతనే, కరక్కాయ వగరు ఇనుముతో గలిసి, చాకలి బండకు జంకని నలుపు తేలును. నీలిబానలో జరుగునదియు నిట్టిదే: నీటిలో కరగని నీలిమందును సున్నముతోను తగిరిస గింజలతోను పులియవేసినచో, అందలి సూక్ష్మజీవులు దానిని కరగెడు పసుపుపచ్చని రూపమునకు దెచ్చును; ముంచి తీసిన గుడ్డ గాలి సోకగనే మరల నీలమగును. పులియుట జీవుల పనియని 1857 లో పాశ్చరు చాటుటకు శతాబ్దుల పూర్వమే, వాని పేరెరుగకయే వానికి మేతవేసి పని చేయించుకొనిన నేర్పిది. ఆ బాన చెంత ముక్కు మూసికొనక నిలువగలవారు అరుదని మాత్రము ఒప్పుకొనవలెను; పాతకాలపు రంగులన్నియు పరిమళభరితములను భ్రమ నాకు లేదు.

ఎరుపునకు చిరివేరు మూలము. అందలి రంగుపదార్థమైన అలిజరినును 1868 లో జర్మను రసాయనికులు గ్రేబె, లీబర్మను తారునుండి చేయగా, ఆ వేరు త్రవ్వువారి బ్రతుకు క్రమముగా సన్నగిల్లెను. రసాయనికుడు పీటరు గ్రీసు 1858 లో కనుగొనిన చర్యనుండి, రెండు నత్రజని పరమాణువుల జంటచే బంధింపబడిన ఎజో రంగులు అసంఖ్యాకముగా పుట్టినవి. ఎండకు వెలియకుండుట, సబ్బునకు లొంగకుండుట ఈ రంగులకు అంగడిలో గుణము. ఏటిలో నదియే దోషము. తిరుప్పూరు చెంత నొయ్యలు నదిపై సేద్యమునకై కట్టిన ఒరత్తుపాళయము జలాశయము అద్దకపు మురుగునకు తొట్టియైనది. 2011 లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము అక్కడి అద్దకపు కర్మాగారములను మూయింపవలసి వచ్చెను.

ఇట్టి రంగునీటిని శుద్ధిచేయుటకు ఇప్పుడా సూక్ష్మజీవులనే మరల పిలుచుచున్నారు. గాలి సోకని తొట్టిలో అవి నత్రజని జంటను త్రుంచును, రంగు మాయమగును; కాని చూపున కానని ఎమీనులనెడు ముక్కలు మిగులును, వానిలో కొన్ని రంగుకంటె ఎక్కువ విషపూరితములు. కావున నీరు తేటపడెనని మురిసిపోక, గాలినూదిన రెండవ తొట్టిలో వేరు జీవులకు దానిని అప్పగింపవలెను. పుట్టగొడుగుల జాతికి చెందిన తెల్లకుళ్లు బూజు, కొయ్యలోని గట్టిపదార్థమును అరగించుకొను ద్రవములతోనే, ఈ రంగులనుగూడ చీల్చగలదు.

ఇనుమును తిరిగి వచ్చినది, మీటరులో నూరుకోట్లవ వంతు కొలతలతో లెక్కించదగు రేణువులై. తాను తుప్పుపట్టుచు అది వదలు ఎలక్ట్రానులే రంగు బంధమును తెంచును. అయితే ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకొని గడ్డకట్టుట, పని ముగియకముందే తుప్పైపోవుట పెద్ద చిక్కు. అందులకై కొందరు ఇనుప లవణపు నీటిలో తేయాకు కషాయము పోసి, దాని వగరుచేత రేణువులను చేయుదురు. కషాయము పడగనే గాజుపాత్రలో నీరు నల్లబడును. మచిలీబందరు పనివాని గుడ్డపై కరక్కాయయు నినుమును కలిసినప్పుడు తేలు నలుపే అది.